"మేం మీతోనే ఉన్నాం" అంటూనే "ఇక్కడ రేసిజం లేదండి" అనే ఆస్పత్రిలో ఏం చెయ్యాలి: ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసే తెలుగువాళ్ళకి మెట్టు మెట్టుగా

ప్రతి ఏడాదీ జులై ప్రాంతంలో బ్రిటన్‌లో సౌత్ ఏషియన్ హెరిటేజ్ మంత్, అంటే దక్షిణాసియావాళ్ళ సంస్కృతి పేరిట ఒక నెల, జరుగుతుంది. నేను ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవలో, డాక్టర్ని. మా ఆస్పత్రిలో ఆ నెలలో ఒకరోజు క్యాంటీన్ బయట బల్లలేసి సమోసాలు పెడతారు, నర్సులు చీరలు కట్టుకొస్తారు, పెద్దవాళ్ళంతా వచ్చి ఫొటోలు దిగుతారు. నాకు ఆ రోజంటే నిజంగా ఇష్టమే, ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళకి ఆ మాత్రం సందడి కూడా గొప్పే. ఐతే రెండేళ్ళ కింద సరిగ్గా అదే వారంలో మా డిపార్ట్‌మెంట్‌లో ఒక తెలుగమ్మాయి, గుంటూరులో చదువుకుని ప్లాబ్ (బయటి దేశాల డాక్టర్లకి ఇక్కడ పెట్టే పరీక్ష) రాసి వచ్చి ఆరేళ్ళుగా క్లినికల్ ఫెలో అనే తాత్కాలిక పోస్టులోనే ఉండిపోయిన డాక్టరు, స్పెషాలిటీ డాక్టర్ అనే పై పోస్టుకి నాలుగోసారి ఇంటర్వ్యూ దాకా వెళ్ళి మళ్ళీ ఉత్త చేతుల్తో వచ్చింది. ఫీడ్‌బ్యాక్ అడిగితే "నువ్వు చాలా మంచి కొలీగ్‌వి, ఈసారి ఫిట్ కుదరలేదు" అన్నారట. హెరిటేజ్ మంత్ ఫొటోలో మొదటి వరసలో నవ్వుతూ నిలబడింది ఆ అమ్మాయే.

తర్వాతి మీటింగ్‌లో నేను ఒక్కటే అడిగా, గత మూడేళ్ళలో మనం షార్ట్‌లిస్ట్ చేసినవాళ్ళలో బయట దేశాల్లో చదివినవాళ్ళెంతమంది, అందులో ఉద్యోగం వచ్చిందెంతమందికి అని. క్లినికల్ లీడ్ మొహం ఎర్రగా అయిపోయింది, "అంటే నన్ను రేసిస్ట్ అంటున్నావా" అన్నారు. ఇక గదిలో అందరూ ఆయన్ని ఓదార్చడంలో పడిపోయారు, లెక్క ఊసే లేదు. నేనడిగింది ఒక రిజిస్టర్‌లో ఉండే అంకె, నాకొచ్చిన జవాబు ఒక మనిషి మనసు గురించి. ఈ విషయంలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మాట మనసు వైపు జారిపోయిన ప్రతిసారీ దాన్ని మళ్ళీ రిజిస్టర్ దగ్గరికి లాక్కురావాలి, కింద రాసిన మెట్లన్నీ ఆ పని కోసమే. ఎక్కువ డాక్టర్ల కోణంలోనే రాశా, నాకు తెలిసింది అదే కాబట్టి, కానీ నర్సులకీ ఫార్మసిస్టులకీ ల్యాబ్‌లో చేసేవాళ్ళకీ చాలావరకు ఇదే వర్తిస్తుంది.

మొదటి మెట్టు: మాటకి అర్థం పట్టుకోండి

"ఇన్‌స్టిట్యూషనల్ రేసిజం" అనగానే ఆఫీసులో అందరూ రేసిస్టులని తిడుతున్నామనుకుంటారు. అది కాదు. 1993 ఏప్రిల్ 22న లండన్‌లో బస్సు కోసం చూస్తున్న స్టీఫెన్ లారెన్స్ అనే 18 ఏళ్ళ నల్లజాతి కుర్రాడ్ని తెల్లవాళ్ళ గుంపు ఒకటి పొడిచి చంపింది, పోలీసులు ఆ దర్యాప్తుని దారుణంగా పాడుచేశారు. దాని మీద విచారణ చేసిన సర్ విలియం మాక్‌ఫర్సన్ 1999 ఫిబ్రవరిలో రిపోర్ట్ ఇస్తూ ఈ మాటకి ఒక నిర్వచనం రాశారు. నా మాటల్లో చెప్పాలంటే, రంగు వల్లో సంస్కృతి వల్లో జాతి మూలాల వల్లో కొంతమందికి సరైన సేవ అందించడంలో ఒక సంస్థ మొత్తంగా ఫెయిలవడం, అది ఆ సంస్థ పద్ధతుల్లో, వైఖరిలో, నడతలో కనపడటం, దానికి కారణం కావాలని చేసే ద్వేషమే కానక్కర్లేదు, తెలీకుండా మనసులో ఉండిపోయిన అభిప్రాయాలు, అజ్ఞానం, ఆలోచించకపోవడం, మూసలో చూడటం ఇవన్నీ చాలు. "తెలీకుండా" అన్న ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి, రేపు ఎవరైనా "నాకు అలాంటి ఉద్దేశం లేదు" అన్నప్పుడు అదే పనికొస్తుంది, ఉద్దేశం లేకపోయినా జరుగుతుందనే కదా ఆ నిర్వచనం చెప్తోంది.

మంచి మనసూ చెడ్డ పద్ధతీ పక్కపక్కనే ఎలా ఉంటాయో చూడాలంటే 2020 గుర్తు తెచ్చుకోండి. మార్చి 26 నుంచి పది వారాలు ప్రతి గురువారం రాత్రి 8 గంటలకి దేశమంతా గుమ్మాల్లోకొచ్చి మనకి చప్పట్లు కొట్టింది. మా వీధిలో ఒక ముసలావిడ గిన్నె మీద గరిటెతో కొట్టేది, నేను డ్యూటీకెళ్తూ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నా, ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు. ఆ రోజుల్లోనే కోవిడ్‌తో చనిపోయిన మొదటి 10 మంది డాక్టర్లూ నల్లజాతి, ఆసియా, ఇతర మైనారిటీలవాళ్ళే. ఆ రోజుల్లోనే బయట దేశాల నుంచి వచ్చిన మనం, మనం పనిచేసే ఎన్‌హెచ్‌ఎస్‌నే వాడుకునే హక్కు కోసం వీసాతో పాటు మనిషికి ఏడాదికి 400 పౌండ్లు హెల్త్ సర్‌చార్జ్ కడుతున్నాం, టాక్స్ ఎలాగూ కడుతూనే. మే 20న పార్లమెంటులో ప్రధాని దాన్ని సమర్థించుకున్నారు, గొడవ పెద్దదయ్యాక మర్నాడే హెల్త్, కేర్ స్టాఫ్‌కి తీసేస్తామన్నారు. చప్పట్లు కొట్టినవాళ్ళు అబద్ధం కాదు, సర్‌చార్జీ అబద్ధం కాదు, రెండూ నిజమే, తేడా ఏంటంటే రెండోదాన్ని ఆపగలిగింది చప్పట్లు కాదు, ఒక రూలు మార్చడం.

రెండో మెట్టు: "లేదు" అనడానికి వాడే మాటల్ని గుర్తుపట్టండి

కొన్నేళ్ళు మీటింగుల్లో కూర్చుంటే ఈ మాటలు మీకే కంఠతా వచ్చేస్తాయి. ముందే తెలిసుంటే ఆ క్షణంలో నోరు పడిపోకుండా ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ వినపడేది నాకు ఎదురైనదే, "నన్ను రేసిస్ట్ అంటున్నావా". దీనికి అవును, కాదు రెండూ చెప్పొద్దు. మర్యాదగా, గొంతు పెంచకుండా, "మీ గురించి కాదండి, మన రిక్రూట్‌మెంట్ పద్ధతి గురించి అడుగుతున్నా, ఆ అంకెలు వచ్చే మీటింగ్‌కి పెట్టగలమా" అనండి, ఆ ప్రశ్న మినిట్స్‌లో ఎక్కేలా చూస్కోండి. నేను ఆ రోజు ఇలా అనలేకపోయా, సారీ చెప్పి కూర్చున్నా, అందుకే ఇది ఇంత గట్టిగా చెప్తున్నా.

"మేం రంగు చూడం, మెరిట్ మాత్రమే చూస్తాం" అన్నది రెండోది. మంచిదే, మెరిట్‌కి మార్కులు ఎలా వేశారో స్కోర్ షీట్ చూపించమనండి. చాలాచోట్ల స్కోర్లు ఇంటర్వ్యూ అయిపోయాక, ఎవర్ని తీస్కోవాలో మాటల్లో అనుకున్నాక నింపుతారు. అప్పుడు మెరిట్ అనేది ముందే తీసుకున్న నిర్ణయానికి తర్వాత కట్టిన పేరవుతుంది. "ఫిట్" అన్న మాట వినపడితే మరీ జాగ్రత్తపడండి, స్కోర్ షీట్‌లో ఫిట్ అనే కాలమ్ లేనప్పుడు దానికి మార్కులెక్కడివి?

ఇంకోటి, "మన డిపార్ట్‌మెంట్ చూడండి, ఎంత డైవర్సో" అని చుట్టూ చెయ్యి తిప్పి చూపిస్తారు. నిజమే, నైట్ రోటాలో చూస్తే ఐక్యరాజ్యసమితే. కానీ పగలు ట్రస్ట్ (మన ఆస్పత్రుల్ని నడిపే ఎన్‌హెచ్‌ఎస్ సంస్థ) బోర్డ్ మీటింగ్ గదిలోకి తొంగిచూడండి. మనుషులు ఉన్నారా లేదా అన్నది కాదు, ఏ మెట్టు మీద ఉన్నారన్నది చూడాలి. ఇదే కోవలో "ప్యానెల్‌లో ఇండియన్ కన్సల్టెంట్ ఉన్నారు కదా" అనేది. ఆ కన్సల్టెంట్ నేనే అయ్యుండొచ్చు, మీరే అయ్యుండొచ్చు, ఒక బ్రౌన్ మొహం కుర్చీలో ఉన్నంత మాత్రాన పద్ధతి మారిపోదు. ఇంకా చెప్పాలంటే, ఒక్కణ్ణే ఉన్నప్పుడు మనవాళ్ళ వైపు మొగ్గాడంటారేమోనని మరీ కఠినంగా మార్కులేసిన రోజులు నాకు తెలుసు.

తర్వాతది "జరిగింది నిజమే, కానీ ఎవరి తప్పూ లేదు". క్రికెట్ ఫాలో అయ్యేవాళ్ళకి అజీమ్ రఫీక్ గుర్తుండే ఉంటారు. యార్క్‌షైర్ క్లబ్‌లో అతను రేషియల్ వేధింపులకి గురయ్యాడని రిపోర్ట్ ఒప్పుకుంది, 2021 అక్టోబర్ చివర్లో క్లబ్ మాత్రం ఎవరి మీదా చర్య తీసుకోనక్కర్లేదని తేల్చింది. దెబ్బ తగిలిందట, కొట్టినవాడు మాత్రం లేడట. కొన్ని రోజుల్లోనే స్పాన్సర్లు వెళ్ళిపోయారు, ఛైర్మన్ రాజీనామా చేశారు, నవంబర్ 16న రఫీక్ పార్లమెంట్ కమిటీ ముందు కూర్చుని చెప్పింది దేశమంతా చూసింది. మీ గ్రీవెన్స్ (మీరిచ్చిన అధికారిక ఫిర్యాదు) రిపోర్ట్‌లో ఇలాంటి వాక్యం కనపడితే, అంటే "ఆమె బాధపడటం అర్థం చేసుకోదగ్గదే, ఐతే రేస్‌తో సంబంధం ఉన్నట్టు ఆధారం లేదు" అన్నట్టు, దాన్ని అలాగే వదిలెయ్యకండి. వేరే జాతివాళ్ళకి ఇదే పరిస్థితిలో ఏం చేశారో పోల్చి చూశారా అని రాతపూర్వకంగా అడగండి. పోల్చకుండా ఆధారం లేదనడం అంటే వెతక్కుండా దొరకలేదనడమే.

చివరిది మాట మీదే గొడవ పెట్టడం. 2023 మార్చిలో బారోనెస్ కేసీ రిపోర్ట్ లండన్ మెట్రోపాలిటన్ పోలీసుల్లో ఇన్‌స్టిట్యూషనల్ రేసిజం ఉందని చెప్తే, కమిషనర్ మార్క్ రౌలీ అందులో బయటపడ్డ విషయాలన్నీ ఒప్పుకున్నారు గానీ "ఇన్‌స్టిట్యూషనల్" అన్న పదం మాత్రం నేను వాడనన్నారు. అంతకు రెండేళ్ళ ముందు, 2021 మార్చి 31న, ప్రభుత్వం వేసిన సూయల్ కమిషన్ కూడా మైనారిటీలకి వ్యతిరేకంగా కావాలని కట్టిన వ్యవస్థ ఇప్పుడు మాకు కనపడట్లేదని రాసింది. ఇక్కడ నా సలహా చాలామందికి నచ్చకపోవచ్చు. మీ మీటింగ్‌లో పదం గురించి కొట్లాడకండి. పదం వద్దంటారా, సరే వద్దు, ఈ అంకె ఎందుకిలా ఉందో చెప్పండి, ఎప్పటికి మారుస్తారో చెప్పండి అనండి. పదం మీద గంటసేపు వాదించి అంకెని వదిలేసిన మీటింగులు నేను చాలా చూశా.

మూడో మెట్టు: నోట్‌బుక్

ఈ రోజే మొదలుపెట్టండి, ఏమీ జరక్కపోయినా సరే. తారీఖు, టైము, చోటు, ఎవరు ఏమన్నారో వీలైనంత వాళ్ళ మాటల్లోనే, పక్కన ఎవరున్నారు, తర్వాత మీరేం చేశారు, అంతే. మీ ఫీలింగ్స్ విడిగా రాస్కోండి, సంఘటన రాసిన చోట కలపొద్దు. ఒక్కో ముక్క చిన్నదే అనిపిస్తుంది, రోటాలో వరసగా మూడు వీకెండ్లు మీకే రావడం, టీచింగ్ సెషన్ అంటే మిమ్మల్నే వార్డులో ఉంచేయడం, స్టడీ లీవ్ మీది "చూద్దాం" అవ్వడం. ఆర్నెల్ల తర్వాత వరసగా చదివితే అప్పుడు ఆకారం తెలుస్తుంది.

ఒకటి మాత్రం ప్రాణం మీదకొస్తుంది కాబట్టి జాగ్రత్త. ఆ నోట్‌బుక్‌లో పేషెంట్ పేరు, నంబరు, గుర్తుపట్టే వివరాలు ఒక్కటి కూడా ఉండకూడదు. ఆఫీస్ మెయిళ్ళని మీ సొంత మెయిల్‌కి గుడ్డిగా ఫార్వర్డ్ చెయ్యకండి, పేషెంట్ వివరాలు ఒక్కటున్నా మీ మీదే కేసు తిరుగుతుంది, అసలు విషయం పక్కకి పోతుంది. మీ గురించి వాళ్ళు రాసుకున్న మెయిళ్ళు కావాలంటే దానికి సరైన దారి ఉంది, సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ పెట్టొచ్చు, మామూలుగా నెలలోపు ఇవ్వాలి.

నాలుగో మెట్టు: మీ ట్రస్ట్ అంకెలు మీరే తీయండి

ఇది చాలామందికి తెలీదు, తెలిసినవాళ్ళు కూడా వాడరు. ఇంగ్లండ్‌లో 2015 నుంచి వర్క్‌ఫోర్స్ రేస్ ఈక్వాలిటీ స్టాండర్డ్ అని ఉంది, డబ్ల్యూఆర్ఈఎస్ అంటారు. ప్రతి ట్రస్టూ ఏటా 9 కొలతలు బయటపెట్టాలి. ఏ బ్యాండ్‌లో, అంటే ఏ జీతం మెట్టులో, ఏ జాతివాళ్ళు ఎంతమంది, షార్ట్‌లిస్ట్ నుంచి ఉద్యోగం దాకా ఎవరికి ఎంత అవకాశం, ఫార్మల్ డిసిప్లినరీలోకి, అంటే క్రమశిక్షణ విచారణలోకి, ఎవరు ఎక్కువ వెళ్తున్నారు, అదనపు ట్రైనింగ్ ఎవరికి దొరుకుతోంది, పేషెంట్ల నుంచీ స్టాఫ్ నుంచీ వేధింపులు, ప్రమోషన్లలో సమాన అవకాశం ఉందని నమ్ముతున్నారా, మేనేజర్ల నుంచో కొలీగ్స్ నుంచో వివక్ష, బోర్డులో ఎంతమంది. మీ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో ఈక్వాలిటీ పేజీలో గానీ బోర్డ్ పేపర్లలో గానీ దొరుకుతుంది. డాక్టర్లకి విడిగా మెడికల్ డబ్ల్యూఆర్ఈఎస్ కూడా ఉంది.

దేశం మొత్తం మీద 2021 రిపోర్ట్‌లో, షార్ట్‌లిస్ట్ అయినవాళ్ళలో తెల్లవాళ్ళకి ఉద్యోగం వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా 1.61 రెట్లు. ఇది షార్ట్‌లిస్ట్ తర్వాతి లెక్కని గమనించండి, అంటే అర్హత ఉందని వాళ్ళే ఒప్పుకుని పిలిచినవాళ్ళ మధ్య తేడా. ఇంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు?

ఐతే ఆ పక్క అంకె చూడండి, నాకు ఆశ పుట్టించింది అదే. ఫార్మల్ డిసిప్లినరీలోకి వెళ్ళే అవకాశం 2016లో తెల్లవాళ్ళకన్నా మనలాంటివాళ్ళకి 1.56 రెట్లు ఉండేది, 2021కి 1.14కి దిగింది. మనుషుల మనసులు ఐదేళ్ళలో అంత మారిపోయాయంటే నేను నమ్మను. చాలా ట్రస్టుల్లో ఒక చిన్న పని చేశారు, మేనేజర్ ఒక్కరే కోపంలో ఫార్మల్ ఇన్వెస్టిగేషన్ మొదలుపెట్టకుండా, దానికి ముందు ఇంకొకరు కూర్చుని ఇది నిజంగా ఫార్మల్‌కి వెళ్ళాల్సిందేనా, మాట్లాడితే పోయేదా, వేరేవాళ్ళ విషయంలో ఇలాగే చేశామా అని వరసగా ప్రశ్నలు వేసుకునే పద్ధతి పెట్టారు. అంటే గుమ్మం దగ్గర ఒక మనిషిని నిలబెట్టారు. మీ ట్రస్ట్‌లో అది ఉందో లేదో అడగండి, లేకపోతే పెట్టమనండి. "అవగాహన పెంచుదాం" అన్న పోస్టర్ కన్నా ఇది వందరెట్లు మేలు.

మీ ట్రస్ట్ అంకెల్ని మూడేళ్ళవి పక్కపక్కన పెట్టి ఒక్క పేజీకి మించకుండా రాస్కోండి. మళ్ళీ ఎవరైనా "మన దగ్గర అలాంటివేం లేవు" అన్నప్పుడు మీరు వాదించక్కర్లేదు, కాగితం బల్ల మీద పెట్టి, "ఇది మన ట్రస్ట్ బయటపెట్టిందే, నాది కాదు" అంటే సరిపోతుంది.

ఐదో మెట్టు: మంచితనం చాటున ఉన్న మౌనాన్ని అడిగి పగలగొట్టండి

ఇది నేను చాలా ఆలస్యంగా అర్థం చేసుకున్నా, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా. 2019లో డాక్టర్ల లైసెన్సులు చూసే జనరల్ మెడికల్ కౌన్సిల్ (జీఎంసీ) కోసం రోజర్ క్లైన్, డోయిన్ అటెవొలోగన్ కలిసి ఒక పరిశోధన చేశారు, ఆస్పత్రులు మైనారిటీ డాక్టర్ల మీద జీఎంసీకి ఫిర్యాదు పంపే రేటు తెల్ల డాక్టర్ల కన్నా రెట్టింపు పైనే ఎందుకుందని. కారణాల్లో ద్వేషం ఎక్కడో గానీ లేదు. ఒక పెద్ద కారణం ఏంటంటే ఫీడ్‌బ్యాక్. సీనియర్లు తమలాంటి జూనియర్ తప్పు చేస్తే టీ తాగుతూ "ఏంట్రా ఆ నోట్స్, ఇలా రాయి" అని అక్కడికక్కడే సరిదిద్దేస్తారు. వేరే జాతి, వేరే దేశం డాక్టరైతే మాట తేడాగా పోతుందేమో, రేసిజం అంటారేమో అని భయపడి ఏమీ అనరు, "ఫైన్, ఫైన్" అని నవ్వేస్తారు. చిన్న తప్పు అలాగే పెరిగి పెద్దదయ్యాక, ఒకరోజు నేరుగా ఫార్మల్ లెటర్ వస్తుంది. తెల్ల జూనియర్‌కి పదిసార్లు టీ కప్పు దగ్గర దొరికిన మాట మనకి ఒక్కసారే, అదీ హెచ్‌ఆర్ లెటర్‌హెడ్ మీద దొరుకుతుంది. ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు చూశారా, ఐనా ఒకరి కెరీర్ పోతోంది.

మనకి పెద్దలు ఏమీ అనకపోతే బాగా చేస్తున్నామనే కదా అర్థం, మన చదువుల్లో తప్పుంటే అక్కడే నలుగురిలో తిట్టేవాళ్ళు కాబట్టి. ఇక్కడ మౌనానికి ఆ అర్థం లేదు. అందుకని ప్రతి నెలా మీ సూపర్‌వైజర్‌ని కూర్చోబెట్టి, "నేను మార్చుకోవాల్సిన రెండు విషయాలు చెప్పండి, నొచ్చుకోను" అని అడగండి. "అంతా బానే ఉంది" అంటే ఒప్పుకోకండి, ఒక పేషెంట్ కేస్ తీసి ఇది మీరైతే ఎలా చేసేవారని అడగండి. సాయంత్రం రెండు లైన్ల మెయిల్ పెట్టండి, ఈ రోజు మీరు చెప్పినవి ఇవి, నేను ఇలా మార్చుకుంటా అని. దీనివల్ల నిజంగా మెరుగవుతారు, రేపు ఎవరైనా "ఎన్నోసార్లు చెప్పాం" అంటే మీ దగ్గర కాగితం ఉంటుంది.

ఆరో మెట్టు: ఎవరు నిజంగా మీ పక్కనున్నారో తేల్చుకోండి

పైన పటారం లోన లొటారం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. 2020 జూన్ 2న నల్లజాతివాళ్ళకి మద్దతుగా సోషల్ మీడియా అంతా నల్ల చతురస్రాలు పెట్టారు, మా డిపార్ట్‌మెంట్‌లో కూడా చాలామంది పెట్టారు. నేను ఆ మీటింగ్‌లో ఒంటరిగా నిలబడిన రోజు వాళ్ళలో ఒకరు కూడా నోరు తెరవలేదు. సాయంత్రం మాత్రం మూడు వాట్సాప్‌లు వచ్చాయి, నువ్వు చెప్పింది కరెక్ట్, నీతోనే ఉన్నాం అని. కారిడార్‌లో ఓదార్పు, మీటింగ్‌లో మౌనం, దీన్నే నేను పైపై సపోర్ట్ అంటాను. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, కానీ ఆ ఓదార్పు వల్ల వాళ్ళ మనసు తేలికైంది, నా పరిస్థితి అలాగే ఉంది.

వాళ్ళని వదిలెయ్యకండి, వాళ్ళకి పని చెప్పండి. అలాంటి మెసేజ్ వస్తే నేను ఇప్పుడు ఇలా రాస్తా: "థాంక్స్. వచ్చే మీటింగ్‌లో ఆ అంకెలు మళ్ళీ అడగాలి, ఈసారి నువ్వు అడుగుతావా? నేను పక్కన ఉంటా". చిన్న పని, ఫలానా రోజు, వాళ్ళ పేరు మీద. చేసేవాళ్ళు చేస్తారు, చెయ్యనివాళ్ళు ఎవరో తెలిసిపోతుంది, మీకు ఏళ్ళ తరబడి ఉండే అయోమయం పోతుంది. ఆ ముగ్గురిలో ఒకామె అడిగింది. ఆవిడ తెల్లావిడ కాబట్టి "నన్ను రేసిస్ట్ అంటున్నావా" అన్న మాట ఈసారి రాలేదు, లెక్క వచ్చింది.

నాకు తెలిసిన అసలైన అలై, అంటే నిజంగా పక్కన నిలబడే మనిషి, మా వార్డు చార్జ్ నర్సు, ఎక్కడా ఏ బ్యాడ్జీ పెట్టుకోగా చూడలేదు. ఒకసారి ఒక పేషెంట్ నన్ను చూసి ఇంగ్లిష్ డాక్టర్ కావాలన్నాడు. నేను అలవాటుగా పక్కకి తప్పుకోబోతుంటే ఆవిడ వచ్చి, "ఈయనే మీ డాక్టరు, చూపించుకుంటారా, వద్దా?" అని నిలబడింది. తర్వాత డేటిక్స్, అంటే జరిగిన సంఘటనని రిపోర్ట్ చేసే ఫారం, తన పేరుతో తనే నింపింది, నాతో నింపించలేదు. అత్యవసరం కాని వైద్యాన్ని వివక్ష చూపించే పేషెంట్లకి నిరాకరించే అధికారం 2020 ఏప్రిల్ నుంచి ట్రస్టులకి ఉంది, ఆ పాలసీ ఏ పేజీలో ఉందో కూడా ఆవిడకి తెలుసు.

ఇంకో ముఖ్యమైన విషయం. మీరు కాస్త మాట్లాడతారని తెలియగానే "మీరే ఈడీఐ (సమానత్వం, వైవిధ్యం వ్యవహారాలు) లీడ్‌గా ఉండండి" అంటారు, పెద్దవాళ్ళకి మీరే నేర్పే రివర్స్ మెంటరింగ్‌కి పిలుస్తారు, పోస్టర్‌కి ఫొటో అడుగుతారు. ఒప్పుకునే ముందు, దీనికి జాబ్ ప్లాన్‌లో ఎన్ని పీఏలు ఇస్తారు, అంటే నాలుగేసి గంటల స్లాట్లు ఎన్ని, బడ్జెట్ ఎంత, ఏ నిర్ణయాన్ని ఆపే అధికారం ఉంటుంది అని అడగండి. మూడింటికీ సున్నా ఐతే మర్యాదగా వద్దనండి. మీ సాయంత్రాలు మీ పిల్లలవి.

ఏడో మెట్టు: ఫార్మల్‌గా వెళ్ళాల్సి వస్తే

వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరే తేల్చుకోవాలి, ఎవరూ మిమ్మల్ని పిరికివాళ్ళు అనే హక్కు లేదు. హెల్త్ అండ్ కేర్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో కొత్త స్పాన్సర్ దొరకాలి, ఇంటి అద్దె, పిల్లల స్కూలు అన్నీ ఆ కాగితం మీదే వేలాడుతుంటాయి. "ఎందుకు కంప్లైంట్ ఇవ్వలేదు" అని అడిగే తెల్ల స్నేహితులకి ముందు ఈ 60 రోజుల సంగతి చెప్పండి.

వెళ్ళాలనుకుంటే ముందు యూనియన్. డాక్టర్లైతే బీఎంఏలోనో, నర్సులైతే ఆర్సీఎన్ లాంటిదాంట్లోనో ఉద్యోగంలో చేరిన రోజే చేరండి, సమస్య మొదలయ్యాక చేరితే ఆ పాత సమస్యకి సాయం దొరక్కపోవచ్చు. ప్రతి ట్రస్ట్‌లోనూ స్టాఫ్ సమస్యలు వినడానికి ఫ్రీడమ్ టు స్పీక్ అప్ గార్డియన్ అని ఒకరు ఉంటారు, గుట్టుగా మాట్లాడొచ్చు. గ్రీవెన్స్, డిసిప్లినరీ హియరింగులకి యూనియన్ మనిషినో కొలీగ్‌నో వెంట తీసుకెళ్ళడం చట్టం ఇచ్చిన హక్కు, ఒంటరిగా వెళ్ళకండి. ఈక్వాలిటీ యాక్ట్ 2010 ప్రకారం నేరుగా చేసే వివక్ష, అందరికీ ఒకే రూలులా కనపడుతూ కొందరినే దెబ్బతీసే వివక్ష, వేధింపు, ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధింపు, నాలుగూ తప్పే. మీ లెటర్‌లో "ఇది ఈక్వాలిటీ యాక్ట్ కింద రేస్ వివక్ష గురించిన ఫిర్యాదు" అని స్పష్టంగా రాయండి. "నాతో సరిగ్గా ఉండట్లేదు" అని మొహమాటంగా రాస్తే కక్ష సాధింపు నుంచి రక్షణ రావడం కష్టమవుతుంది.

గడువు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఉద్యోగ వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్ళడానికి ఏళ్ళుగా ఉన్న గడువు సంఘటన జరిగిన రోజు నుంచి 3 నెలలకి ఒక రోజు తక్కువ, దాన్ని పెంచే చట్టం వచ్చింది కాబట్టి మీ తారీఖుకి ఏది వర్తిస్తుందో ఏకాస్ (ఉద్యోగ తగాదాల్లో ముందుగా రాజీకి చూసే సంస్థ) సైట్‌లో చూస్కోండి, ముందు ఏకాస్‌కి చెప్పాకే ట్రిబ్యునల్. లోపల గ్రీవెన్స్ నడుస్తున్నంత మాత్రాన ఆ గడియారం ఆగదు. "మా ప్రాసెస్ పూర్తవనివ్వండి" అని హెచ్‌ఆర్ వాళ్ళు మంచిగానే చెప్తారు, ఐదు నెలలు పడుతుంది, ఈలోపు మీ దారి మూసుకుపోతుంది.

గెలవరని కాదు. 2023లో మాంచెస్టర్ ట్రిబ్యునల్ మిషెల్ కాక్స్ అనే నల్లజాతి సీనియర్ నర్సుకి అనుకూలంగా తీర్పిచ్చింది, ఎదుటి పక్షం ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండే. అందులో రుజువైన విషయాల్లో ఒకటి, ఆమెకి రావడం కుదరదని తెలిసిన రోజుల్లోనే మేనేజర్ టీమ్ ఈవెంట్లు పెట్టడం. వినడానికి ఎంత చిన్న విషయం! తారీఖులు రాసి పెట్టుకుంటేనే ఇలాంటివి నిలబడతాయి.

ఎనిమిదో మెట్టు: కుర్చీలో మీరే ఉన్నప్పుడు

మనలో చాలామంది ఇప్పుడు కన్సల్టెంట్లు, వార్డ్ మేనేజర్లు. ప్యానెల్‌లో కూర్చుంటే ప్రశ్నలూ మార్కుల పద్ధతీ ముందే రాయించండి, ఎవరికి వారు మార్కులు వేశాకే మాట్లాడుకోమనండి, "ఫిట్" అన్న మాట వస్తే ఏ ప్రశ్నలో ఎన్ని మార్కులు తగ్గాయో చెప్పమనండి, ఓడిపోయినవాళ్ళకి రాతలో ఫీడ్‌బ్యాక్ పంపండి.

ఇంకా ఒకటి చెప్పకపోతే ఇప్పటిదాకా రాసిందానికి నేనే అన్యాయం చేసినట్టు. తెల్లవాళ్ళ నోట మనం విన్న మాటలే మనం కులం గురించి అంటుంటాం. "ఇక్కడ కులం ఎక్కడుందండీ", "నేను అలాంటివి పట్టించుకోను", "నా ఫ్రెండ్స్‌లో అందరూ ఉన్నారు". కొత్తగా వచ్చిన జూనియర్ని "మీ ఇంటిపేరేంటి, ఏ ఊరు, అక్కడ ఏ వైపు" అని వరసగా అడిగేది ఎందుకో అడిగేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. రూమ్ షేరింగ్ గ్రూపుల్లో ఎవరికి ఇల్లు వెంటనే దొరుకుతుందో, ఎవరి మెసేజ్‌కి జవాబు రాదో చూసినవాళ్ళకి తెలుసు. ఈక్వాలిటీ యాక్ట్‌లో కులాన్ని చేర్చాలని 2013లో పార్లమెంట్ ప్రభుత్వానికి బాధ్యత పెట్టింది, 2018లో ప్రభుత్వం చేర్చబోమని చెప్పేసింది, 2014లో అప్పీల్ ట్రిబ్యునల్ కులం కూడా కొన్ని సందర్భాల్లో జాతి మూలాల కిందకి రావచ్చన్న దారి మాత్రం మిగిలింది. అప్పట్లో చేర్చొద్దని గట్టిగా అడ్డుపడినవాళ్ళలో మన దేశంవాళ్ళే చాలామంది ఉన్నారు. మన తెలుగు డాక్టర్ల వాట్సాప్ గ్రూపులో నేను ఈ మాట ఎత్తినప్పుడు వచ్చిన మొదటి జవాబు, "అంటే మమ్మల్ని క్యాస్టిస్టులంటున్నావా". ఈసారి నేను సారీ చెప్పి కూర్చోలేదు. మీ గురించి కాదండి, మన గ్రూపులో రిఫరెన్సులు, ఇళ్ళు, అటాచ్‌మెంట్లు ఎవరికి ఎలా దొరుకుతున్నాయో ఒక లెక్క రాద్దామన్నా.

వచ్చే నెల మా దగ్గర స్పెషాలిటీ డాక్టర్ ఇంటర్వ్యూలున్నాయి, ప్యానెల్‌లో నేనున్నా. షార్ట్‌లిస్టింగ్‌లో పేరు కనపడకుండా దాస్తారు గానీ ఇంటర్వ్యూ గదిలో పేరూ మొహం రెండూ ఎదురుగా ఉంటాయి, తెలుగు పేరైతే ఇంటిపేరు చూసి నాకు తెలీకుండానే నా బుర్ర లెక్కలు కడుతుందని నాకు తెలుసు. అందుకే స్కోర్ షీట్లు ముందే ప్రింట్ తీసి, ముగ్గురికీ మూడు పెన్నులు పెట్టి, ఎవరిది వాళ్ళు నింపి సంతకం చేశాకే నోరు తెరవాలని మిగతా ఇద్దరితో ఇప్పుడే ఒప్పించా. గుంటూరు అమ్మాయి మళ్ళీ అప్లై చేసింది.